కాగితం విప్పకుండా

దోంగ్‌మ్యో సంత వెనక
ఇరవై రెండు మెట్లెక్కితే నా కొట్టు.
రెండు బల్లలు, ఒక తక్కెడ,
కంటికి బిగించుకునే భూతద్దం.
మా గురువు తాక్ గినామ్ పోయాక
ఆయన కుర్చీలో కూర్చోడానికి నాకు ఏడాది పట్టింది.

ఆయన నేర్పిందంతా వేళ్ళతోనే.
"ముందు చూడకు. పట్టుకో.
పాత కంచు చేతికి తడిగా తగుల్తుంది,
నిన్న మొన్న పోసిన దొంగనాణెం పొడిగా ఉంటుంది."
ఏ పుస్తకంలోనూ లేదీ మాట.
నిజమో కాదో నాకిప్పటికీ తెలీదు.
తప్పింది మాత్రం ఒక్కసారే.

యప్‌జన్ అంటాం వీటిని. ఆకుడబ్బు.
ఇసకలో తల్లినాణేన్ని ఒత్తి, గాడి తీసి,
కరిగిన లోహం పోస్తే
కొమ్మకి అటూ ఇటూ ఆకుల్లా కాసేవట.
తుంచి, నలుచదరపు చిల్లుల్లోంచి కడ్డీ దూర్చి,
వరసగా గుచ్చి
అంచులు అరగదీసేవాళ్ళు.
ఆకులకి ఆకురాయి!
చెయ్యి చెయ్యికీ తేడా, అందుకే ఏ రెండూ ఒకటి కావు.

ముందువైపు నాలుగక్షరాలు అన్నిటికీ అవే:
సాంగ్ ప్యంగ్ తోంగ్ బో.
అసలు సంగతి వీపు మీద ఉంటుంది.
చిల్లుకి పైన ఒక్క అక్షరం, ఏ కొలిమి పోసిందో చెబుతుంది.
ఖజానా కావచ్చు, సైన్యం కావచ్చు.
కింద అంకె, ఎన్నో విడతో.

నది గడ్డకట్టిన వారంలో
మేంగ్ సున్‌రే వచ్చింది. ఎండుచేపల కొట్టావిడ.
ఒక్కో మెట్టునీ తిట్టుకుంటూ ఎక్కింది.
చేతిరుమాలు ముడి విప్పితే
నాణెం కాదు, జెగి.
పిల్లలు పాదం పక్కతో ఎగరేస్తూ లెక్కపెట్టుకునేది.
లోపలెక్కడో నాణెం, చుట్టూ పల్చటి మల్బరీ కాగితం,
చిల్లులోంచి లాగి ముడేసి చీల్చిన కుచ్చు.

"మా అన్నయ్య తోక్సుది. పెట్టె అడుగున దొరికింది.
చిల్లిగవ్వ చెయ్యదని మా వదిన పారేయబోయింది.
ఎంతొస్తుంది?"
"విప్పాలి."
"విప్పితే?"
"నాణెం ఉంటుంది. ఇది ఉండదు."
నా చిమటా వైపు చూసిందావిడ,
పసివాడు మంగలికత్తిని చూసినట్టు.

కాగితంతో కలిపి తూచాను. ఏం తేల్లేదు.
గోటితో తడిమాను. ఏదో ఉంది, చదవలేను.
అప్పుడు తట్టింది,
రాతిమీది అక్షరాలకి నకలు తీసే పద్ధతి.
పెన్సిల్ని పక్కకి వాల్చి, ఊపిరి బిగబట్టి,
మెల్లగా, ఇంకా మెల్లగా రుద్దాను.
ముందు చిల్లు మూలలు తేలాయి.
తర్వాత అంచు.
తర్వాత, మంచులోంచి మనిషి నడిచొచ్చినట్టు
ఒక అక్షరం: జిన్.

కరువు సాయం కచేరీ వాళ్ళది.
ఆకలిగొన్నవాళ్ళకి గంజి పోయడానికి
ముందు కంచు పోసుకున్న కచేరీ.

చెప్పాను. ఆవిడ నవ్వింది.
"అన్నయ్య ఇది ఎగరేసిందీ అందుకే.
యుద్ధం అయిపోయిన చలికాలం.
వంద దాటితే అన్నం తిన్నట్టే అనేవాడు.
లెక్క నాది.
వాడి కాళ్ళు వణకడం మొదలైతే
అరవై నుంచి తొంభైకి దూకేసేదాన్ని."

అంకె మిగిలింది.
సరిగ్గా దానిమీదే ముడి.
ఒకటైతే నాలుగు పూటల భోజనం,
ఇంకోటైతే ఈ కొట్టుకి ఏడాది అద్దె.
విప్పనా అని నేనడగలేదు.
విప్పమని ఆవిడా అనలేదు.
కాగితం మీద నా పెన్సిల్ నలుపుని మాత్రం
వేలితో తుడవబోయి, ఆగి,
అలాగే మూటకట్టుకుంది.

చిట్టాలో రాసుకున్నాను:
జిన్. విడత తెలీదు. బరువు కాగితంతో సహా.
కొనలేదు.
గదిలో ఇంకా చేపల వాసన.

కింద మెట్ల మలుపులో చప్పుడు.
ఒకటి.
రెండు.
మోకాలికో తిట్టు.
తొంభై.